మామయ్యగారికి కయోటీ వ్యాలీ గురించి ఏం చెప్పాలి?

ప్రశ్న: మేము సౌత్ శాన్ హోసేలో ఉంటాం. మా మామయ్యగారు నూజివీడు దగ్గర్నుంచి మూడు నెలలకని వచ్చారు. మొన్న మోర్గాన్ హిల్‌లో ఫ్రెండ్స్ ఇంటికి మాంటెరీ రోడ్డు మీదుగా తీసుకెళ్తుంటే, రెండు పక్కలా ఉన్న కయోటీ వ్యాలీ నేల చూసి "ఊరికి ఆనుకుని ఇంత చదును నేల ఉంటే ఎవరూ ప్లాట్లు వెయ్యకుండా ఎలా వదిలేశారమ్మా?" అని అడిగారు. ఏదో ల్యాండ్ ట్రస్ట్ కొన్నదని తప్ప నాకూ ఏమీ తెలీదు. మా ఆయనేమో ఇళ్ల ధరలు ఇలా ఉండటానికి కారణం వీళ్లేనని, ఇదంతా డబ్బున్నవాళ్ల వ్యాపకమని అంటారు. ఈమధ్య ఒక ట్రస్ట్ నుంచి విరాళం ఇవ్వమని ఉత్తరం వచ్చింది. ఇవ్వాలా వద్దా? ఆఫీసులో ఒకాయన, భూమి పరిరక్షణ పేరుతో పెట్టుబడి పెడితే పెట్టినదానికి నాలుగింతలు ట్యాక్స్‌లో చూపించుకోవచ్చని మావారితో అన్నాడట, అదీ ఇదీ ఒకటేనా? ఇంకో మాట. మామయ్యగారికి ఊళ్లో ఎనిమిది ఎకరాల మామిడి తోట ఉంది, చుట్టూ ప్లాట్లు పడుతున్నాయి. తన తర్వాత కూడా అది తోటగానే ఉండేలా ఇక్కడివాళ్లలాగా రాసిపెట్టొచ్చా అని అడుగుతున్నారు. ఆయనకి ఏం చెప్పను?
— ఒక పాఠకురాలు

సమాధానం:

మీ మామయ్యగారు సరైన ప్రశ్న అడిగారండి. ఇక్కడ ఇరవై ఏళ్లుగా ఉంటూ రోజూ ఆ దారిన ఆఫీసుకి వెళ్లేవాళ్లలో చాలామందికి రాని ప్రశ్న అది. రైతు కన్ను కాబట్టి నేల ఎంత మంచిదో కారులోంచే కనిపెట్టారు. ఆయనకి ముందు ఈ సంగతి చెప్పండి: మీరుంటున్న ఈ లోయ మొత్తం ఒకప్పుడు తోటలే. శాంటా క్లారా లోయ అంటే 1950ల దాకా ఆప్రికాట్లు, ప్రూన్లు, చెర్రీలు, మైళ్ల కొద్దీ పూత. చిప్పులు, కంపెనీలు ఆ తర్వాత వచ్చాయి, వచ్చి ఒక్కో తోటనే తినేశాయి. సన్నీవేల్ కమ్యూనిటీ సెంటర్ పక్కన పది ఎకరాల ఆప్రికాట్ తోట ఒకటి ఊరివాళ్లు గుర్తుగా ఉంచుకున్నారు, ఎప్పుడైనా అటు వెళ్తే ఆయన్ని ఆ చెట్ల మధ్య ఒకసారి నడిపించండి. నూజివీడు చుట్టూ ఇప్పుడు ఏం జరుగుతోందో అది ఇక్కడ అరవై ఏళ్ల క్రితమే జరిగిపోయింది.

కయోటీ వ్యాలీ మిగలడం వెనక ఎవరి మంచితనమో, పైవాళ్ల నిర్లక్ష్యమో లేదు. దాన్ని ఎవరూ వదిలెయ్యలేదు కూడా. దశాబ్దాల పాటు దాని ఉత్తర భాగం కంపెనీల కోసం కేటాయించి పెట్టిన నేల. 2000 ప్రాంతంలో సిస్కో అక్కడ ఇరవై వేల మంది ఉద్యోగులు పట్టే క్యాంపస్ కడతానంటే శాన్ హోసే సిటీ ఒప్పుకుంది కూడా. డాట్‌కామ్ కంపెనీల మార్కెట్ పడిపోయింది కాబట్టి ఆగింది. ఆ తర్వాత గిడ్డంగుల ప్రతిపాదనలు వచ్చాయి. చివరికి 2019లో ముగ్గురు కలిసి ఉత్తర కయోటీ వ్యాలీలో 937 ఎకరాలు 93.46 మిలియన్ డాలర్లకి కొన్నారు. ఆ ముగ్గురూ ఎవరంటే, పెనిన్సులా ఓపెన్ స్పేస్ ట్రస్ట్, అందరూ పోస్ట్ అని పిలుస్తారు, అది 42.46 మిలియన్లు పెట్టింది. శాన్ హోసే సిటీ 46 మిలియన్లు. శాంటా క్లారా వ్యాలీ ఓపెన్ స్పేస్ అథారిటీ అనే ప్రభుత్వ సంస్థ 5 మిలియన్లు. సిటీ పెట్టిన 46 మిలియన్లు 2018లో ఓటర్లు మెజర్ టీ అనే బాండుకి ఓటేస్తే వచ్చినవి, ఆ అప్పు తీరేది ప్రాపర్టీ ట్యాక్స్‌తో. అంటే మీకు సిటీలో సొంతిల్లు ఉంటే ఆ నేలలో మీ డబ్బూ ఉంది, ఆ ఉత్తరం రాకముందే. 2021 నవంబరులో సిటీ కౌన్సిల్ అక్కడ పరిశ్రమలకని పెట్టిన కేటాయింపుని తీసేసి, వ్యవసాయానికీ బయలు నేలకీ ఉంచుతూ ఏకగ్రీవంగా ఓటేసింది. ఆయన చూసింది ఆ నేలనే.

ఇప్పుడు అసలు ఈ ట్రస్టులు ఏం చేస్తాయి అన్నది. ఇది మీ మామయ్యగారికి మీకన్నా నాకన్నా తొందరగా అర్థమవుతుంది, ఎందుకంటే ఆయన ప్రతి ఏడాదీ తోటని గుత్తకిచ్చే ఉంటారు. పూత మీద ఉండగానే వ్యాపారి వస్తాడు, చెట్లు లెక్కేస్తాడు, బేరం కుదిరితే ఆ ఏటి కాయ అతనిది. నేల ఎవరిది? మామయ్యగారిదే. చెట్టు? ఆయనదే. కాయ మాత్రం అమ్మేశారు. అలాగే పొలం ఒకరిదైతే గట్టు మీద తాటిచెట్టు గీసుకునే హక్కు ఇంకొకరిది, వెనక చేనువాడికి మధ్యలోంచి పుంతదారి హక్కు. భూమి అనేది ఒకే ముద్దలా ఒకరి చేతిలో ఉండదని, దాని హక్కుల్ని విడదీసి ఒక్కోటీ ఒక్కొక్కరికి ఇవ్వొచ్చని మన రైతులకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

ఇక్కడి ల్యాండ్ ట్రస్టులు అలా విడదీసే హక్కుల్లో ఒకదాన్ని పట్టుకున్నాయి. ఆ హక్కు పేరు "ఇక్కడ ఇళ్లు, షాపులు కట్టుకోవచ్చు" అనేది. యజమాని ఆ ఒక్క హక్కునీ ట్రస్టుకి అమ్మేస్తాడు, లేదా దానం చేస్తాడు. దాన్ని కన్జర్వేషన్ ఈజ్‌మెంట్ అంటారు. పత్రం రాసి కౌంటీలో రిజిస్టరు చేస్తారు. ఆ తర్వాత కూడా భూమి ఆయనదే, దున్నుకోవచ్చు, పశువుల్ని మేపుకోవచ్చు, అమ్ముకోవచ్చు, పిల్లలకి ఇచ్చుకోవచ్చు. కాకపోతే కొన్నవాడైనా, వారసుడైనా, వారసుడి దగ్గర కొన్నవాడైనా ఆ పత్రానికి లోబడాల్సిందే. షరతు మనిషికి అంటుకోదు, భూమికే అంటుకుని ఉంటుంది. కాలిఫోర్నియాలో 1979 నుంచీ దీనికి చట్టం ఉంది.

డబ్బు లెక్క ఎలా అంటే, ఒక నలభై ఎకరాల పశువుల మేత భూమి ఉందనుకుందాం. ఇళ్లు కట్టుకునే వీలుంటే దాని విలువ 20 లక్షల డాలర్లు, మేతకి మాత్రమే అయితే 8 లక్షలు అని మదింపు చేసేవాళ్లు తేల్చారు. తేడా 12 లక్షలు, అదే ఈజ్‌మెంట్ విలువ. ట్రస్ట్ ఆ డబ్బిచ్చి కొంటుంది, లేదా యజమాని దానమిస్తే ఆ మొత్తాన్ని ఫెడరల్ ట్యాక్స్‌లో విరాళంగా చూపించుకోవచ్చు. ఏడాదికి ఆదాయంలో సగం దాకా, మిగిలింది ఇంకో పదిహేనేళ్ల దాకా. రైతులకైతే అర్హతని బట్టి ఆదాయం మొత్తం మీద కూడా. నలుగురు పిల్లల్లో ఒక్కరే వ్యవసాయం చేస్తానన్నప్పుడు మిగతా ముగ్గురి వాటాకి డబ్బు ఎక్కణ్నుంచి తేవాలో తెలియక తోట అమ్మేసుకునే కుటుంబాలు ఇక్కడా ఉన్నాయి, మన దగ్గరా ఉన్నాయి. ఈజ్‌మెంట్ అమ్మిన డబ్బు ముగ్గురికి పంచి నాలుగోవాడు వ్యవసాయం చేసుకోవడం అనేది ఈ దేశంలో సాధ్యపడిన దారి. నాకు ఈ ఏర్పాటులో అన్నిటికన్నా నచ్చేది ఇదే.

కొన్నిసార్లు ట్రస్ట్ భూమినే కొనేస్తుంది, కయోటీ వ్యాలీలో అదే జరిగింది. ప్రభుత్వమే కొనుక్కోవచ్చుగా, మధ్యలో ఈ ట్రస్ట్ ఎందుకు అని మామయ్యగారు తప్పకుండా అడుగుతారు. ఆయనకి ప్రభుత్వాఫీసుల వేగం తెలుసు కాబట్టి సమాధానం సులువే. భూమి యజమాని చనిపోయాడు, వారసులు ఆరు వారాల్లో అమ్మేయాలంటున్నారు, బిల్డరు చెక్కు పట్టుకుని గుమ్మంలో ఉన్నాడు. ప్రభుత్వ సంస్థ అయితే మీటింగు, నోటీసు, గ్రాంటు, ఇంకో మీటింగు. ట్రస్ట్ అయితే అప్పో సొప్పో చేసి కొని, కొన్నేళ్లు అట్టే పెట్టి, ప్రభుత్వ సంస్థకి నిధులు అందాక దానికి అప్పగిస్తుంది. ఇక్కడ మిడ్‌పెనిన్సులా రీజనల్ ఓపెన్ స్పేస్ డిస్ట్రిక్ట్‌ని 1972లో ఓటర్లే ఏర్పాటు చేసుకున్నారు, దానికి తోడుగా 1977లో పోస్ట్ పుట్టింది. పోర్టోలా వ్యాలీ మీద గడ్డి కొండ కనిపిస్తుందే, విండీ హిల్, అలా చేతులు మారిన తొలి స్థలాల్లో అదొకటి. శనివారం పొద్దున కూపర్టినోలో సగం మంది తెలుగువాళ్లు నడిచే రాంచో శాన్ ఆంటోనియో ఉంది చూశారూ, అక్కడి కొండదారులు ఈ మిడ్‌పెనిన్సులా డిస్ట్రిక్ట్‌వే. అక్కడ ఇళ్లు ఎందుకు లేవని నడిచేటప్పుడు మనం అడగం. ఎవరో యాభై ఏళ్ల క్రితం అడిగారు.

ఈ ఆలోచన ఇంకా పాతది. 1891లో మాసచూసెట్స్‌లో చార్లెస్ ఎలియట్ అనే ఆయన, గ్రంథాలయం పుస్తకాల్ని, మ్యూజియం బొమ్మల్ని జనం కోసం ఎలా దాస్తాయో అందమైన నేలని కూడా అలాగే దాచే సంస్థ ఉండాలని పట్టుబట్టి పెట్టించాడు. దానికి అందిన మొట్టమొదటి స్థలం ఇరవై ఎకరాల అడవి, ఒక తల్లి చనిపోయిన తన కూతురి పేరున ఇచ్చింది. మన ఊళ్లలో పోయినవాళ్ల పేరు మీద బావి తవ్వించడం, రోడ్డు పక్కన చింతతోపు వేయించడం లేదూ? మామయ్యగారికి ఇది ఎంతమాత్రం కొత్త విషయం అనిపించదు.

కొనడంతో పని అయిపోతుందనుకుంటాం గానీ, నిజానికి పని మొదలయ్యేది అక్కడే. ఉత్తరంలో మీకు అందమైన ఫొటోలు పంపిస్తారు, ఈ పని గురించి రెండు ముక్కలే ఉంటాయి. ఈజ్‌మెంట్ రాసిన రోజున ఆ భూమి ఎలా ఉందో ఫొటోలతో, మ్యాపులతో ఒక నివేదిక తయారవుతుంది. ఆ తర్వాత ప్రతి ఏడాదీ ట్రస్ట్ మనిషి వెళ్లి, ఆ కంచెలూ ఆ వాగూ ఆ కొట్టమూ తిరిగి చూసి, తేడా ఉంటే యజమానితో మాట్లాడాలి. మొదటి యజమానితో గొడవలు తక్కువ, ఇష్టపడి సంతకం పెట్టింది ఆయనే కదా. చిక్కంతా రెండో యజమానితో, మూడో యజమానితో. కోర్టు ఖర్చుకి చిన్న ట్రస్టులు తట్టుకోలేవని 2013లో ట్రస్టులన్నీ కలిసి టెర్రాఫర్మా అని తమ సొంత బీమా సంస్థే పెట్టుకున్నాయి. శాశ్వతం అని పత్రంలో రాయడానికి ఒక్క నిమిషం పడుతుంది. దాన్ని నిలబెట్టడానికి ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు బూట్లు వేసుకుని బయల్దేరాలి.

నేను నాలుగేళ్లుగా నెలకో ఆదివారం ఇలాంటి ఒక కొండ మీద కలుపు పీకడానికి వెళ్తున్నాను. ఫ్రెంచ్ బ్రూమ్ అని ఒక పొద ఉంటుంది, దాని పువ్వు అచ్చం మన జనుము పువ్వులా పచ్చగా ముద్దుగా ఉంటుంది, ఎవరో తోటల కోసం తెచ్చి నాటితే కొండలన్నీ ఆక్రమించింది. వానలు పడి నేల మెత్తబడ్డాక, మొదలుని పట్టుకుని లివర్ నొక్కే ఒక ఇనుప పనిముట్టుతో పీకుతాం. వేరు తెగకుండా మొత్తంగా ఊడివచ్చినప్పుడు "ఫట్" మని చిన్న శబ్దం వస్తుంది, తడిమట్టి వాసన మొహానికి కొడుతుంది. తెగితే మళ్లీ మొలుస్తుంది. ఒక పొద్దులో పదిమందిమి కలిసి చేసేది మహా అయితే ఒక బస్సు పట్టేంత జాగా. దాని విత్తనాలు నేలలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి కాబట్టి పోయినేడు పీకిన చోటే ఈ ఏడూ పీకాలి. మొదటిసారి వెళ్లిన రోజు నాకు ఏడుపొచ్చినంత పనైంది, ఇంత కొండని ఎప్పటికి బాగుచేస్తాం అని. మూడో ఏడు అదే చోట గడ్డిలో కాలిఫోర్నియా పాపీలు వాటంతట అవే పూశాయి. ఎవరూ నాటలేదు. ఆ రోజు నుంచీ మానలేదు.

మామయ్యగారికి బాగా నచ్చే ముచ్చట ఇంకోటి ఉంది. కయోటీ వ్యాలీకి తూర్పున కయోటీ రిడ్జ్ అని కొండ వరుస, అక్కడ సర్పెంటైన్ అనే ఒకరకం రాతి నేల, బలం లేని నేల. ఆ నేలలో మాత్రమే మన ఇసబ్‌గోల్ జాతికి చెందిన ఒక బుల్లి మొక్క దండిగా బతుకుతుంది, దాని మీద బే చెకర్‌స్పాట్ అనే సీతాకోకచిలుక గుడ్లు పెడుతుంది. 1987లోనే దాన్ని ముప్పులో ఉన్న జాతుల్లో చేర్చారు. కొండల్ని కాపాడాలని కొన్నిచోట్ల పశువుల్ని బయటికి తోలేస్తే ఆ సీతాకోకచిలుకలు పెరగలేదు సరికదా, కనబడకుండా పోయాయి. ఎందుకంటే పక్కనే ఉన్న హైవే 101 మీద మన కార్లు వదిలే పొగలోని నత్రజని గాలిలోంచి దిగి ఆ నేలకి ఎరువులా పడుతోంది, ఎరువు పడేసరికి బయటి దేశాల గడ్డి ఏపుగా పెరిగి బుల్లి మొక్కని మింగేస్తోంది. ఆ గడ్డిని తినే ఆవులుంటేనే సీతాకోకచిలుకలు ఉంటున్నాయని స్టూవర్ట్ వైస్ అనే జీవశాస్త్రవేత్త కనిపెట్టాడు. అందుకని ఇప్పుడు అక్కడ ఆవుల్ని కావాలనే మేపుతున్నారు. కాపాడడమంటే తాళం వేసి వెళ్లిపోవడం అనుకునేవాళ్లకి ఈ సంగతి చెప్పాలనిపిస్తుంది.

జంతువుల విషయానికొస్తే, పడమటి వైపు శాంటా క్రూజ్ కొండలు, తూర్పున డయాబ్లో కొండలు, మధ్యలో ఈ లోయ సన్నగా ఉండే చోటు. బాబ్‌క్యాట్లనే అడవిపిల్లులు, బ్యాడ్జర్లు, జింకలు అటూ ఇటూ దాటాలంటే ఇదే దారి. శాంటా క్రూజ్ కొండల్లోని మౌంటెన్ లయన్లకి బయటినుంచి కొత్త రక్తం రాక జన్యు వైవిధ్యం తగ్గిపోయిందని శాస్త్రవేత్తలు పరీక్షల్లో చూశారు. తరతరాలుగా మేనరికాలే చేసుకుంటే ఏమవుతుందో మనకి ఒకరు చెప్పాలా? అందుకే మాంటెరీ రోడ్డు మధ్యలోని కాంక్రీటు గోడ చూస్తే నాకు బాధేస్తుంది, రోడ్డు సగం దాటిన జంతువు అక్కడ ఇరుక్కుపోతుంది. మీరు బీచ్‌కని హైవే 17 మీద వెళ్తుంటారుగా, లారెల్ కర్వ్ మలుపు దగ్గర రోడ్డు కింద జంతువుల కోసం ఒక దారి 2022 చివర్లో పూర్తయింది. రోడ్డు పని రాష్ట్రం చేసింది, కానీ రెండు పక్కలా నేల అడవిగానే ఉంటుందన్న హామీ లేకుండా అంత ఖర్చుతో సొరంగం ఎవరు కడతారు? ఆ హామీ ఇచ్చింది ల్యాండ్ ట్రస్ట్ ఆఫ్ శాంటా క్రూజ్ కౌంటీ. ముందు వాళ్లు రెండు వైపులా నేలని భద్రం చేశారు, తర్వాతే దారి వచ్చింది.

ఇక మీ ఆయన మాట. కొట్టిపారేయకండి, అందులో నిజముంది. ఈ ట్రస్టులు మొదలైంది డబ్బున్న కొండ ఊళ్లలోనే, తమ కిటికీలోంచి కనిపించే దృశ్యం కోసం చేసినవాళ్లూ ఉన్నారు. ఈ నేల మొదటి మనుషులైన ఓలోనీ జనాన్ని చాలాకాలం ఎవరూ అడగలేదు కూడా. ఇప్పుడిప్పుడే ఓలోనీల్లోని అమా ముత్సున్ తెగవాళ్లు సొంత ల్యాండ్ ట్రస్ట్ పెట్టుకుని, మౌంట్ ఉమునమ్ శిఖరం మీద తమ పూజలకి చోటు తిరిగి తెచ్చుకున్నారు. కట్టుకునే నేల తగ్గితే ధర మీద ఎంతో కొంత ప్రభావం ఉంటుందన్నదీ ఒప్పుకోవాల్సిందే. కానీ ఉత్తర కయోటీ వ్యాలీలో కొన్న ఆ నేల విషయంలో ఆయన లెక్క తప్పు. అక్కడ రాబోయింది మీకు అందుబాటు ధరలో ఇల్లు కాదు, ఆఫీసులూ గిడ్డంగులూ. ఇళ్ల కొరతకి ఒక పెద్ద కారణం, ఊరి నడిబొడ్డున కూడా నివాస ప్రాంతంలో చాలా భాగంలో ఒక్కో స్థలంలో ఒక్కో కుటుంబమే ఉండాలని దశాబ్దాల పాటు నడిచిన పాత నియమాలు. రైలు స్టేషన్ల పక్కన నాలుగంతస్తులు కట్టనివ్వని మీటింగులకి వెళ్లి మాట్లాడమనండి, నేనూ వస్తాను. 2017 ఫిబ్రవరిలో ఆండర్సన్ డ్యామ్ పొర్లి కయోటీ క్రీక్ వరద వచ్చినప్పుడు శాన్ హోసేలో దాదాపు 14 వేల మందిని ఇళ్లలోంచి పంపించారు. ఆ వాగు పక్కన, ఊరికి ఎగువనున్న ఖాళీ లోయ నీళ్లు నిలవడానికి చోటు, భూమిలోకి ఇంకడానికి చోటు. దాన్ని కూడా కాంక్రీటు చేస్తే తర్వాతి వరద ఎవరి గరాజ్‌లోకి వస్తుందో మీ ఆయనే లెక్కేసుకోగలరు.

విరాళం ఇవ్వండి. పెద్ద మొత్తం అక్కర్లేదు, ప్రతి ఏటా ఇచ్చే యాభై డాలర్లు ఒక్కసారి ఇచ్చి మర్చిపోయే ఐదొందల కన్నా వాళ్లకి ఎక్కువ ఉపయోగం, ఎందుకంటే కొనడానికి పెద్ద దాతలు దొరుకుతారు, ఏటా తిరిగి చూసే ఖర్చుకి దొరకరు. మీ కంపెనీలో విరాళానికి సమానంగా కలిపే పథకం ఉందేమో చూడండి, టెక్ కంపెనీల్లో చాలావాటికి ఉంటుంది, కొన్ని వాలంటీరు గంటలకి కూడా డబ్బిస్తాయి. ఇచ్చేముందు ఆ ట్రస్టుకి గుర్తింపు ఉందా అని చూసుకోండి. ల్యాండ్ ట్రస్ట్ అక్రెడిటేషన్ కమిషన్ అని 2006 నుంచి ఒక సంస్థ ఉంది, వాళ్ల జాబితాలో పేరుంటే మంచిది. ట్రస్ట్ తన జమాఖర్చుల లెక్కలతో పన్ను శాఖకి ఏటా దాఖలు చేసే ఫారం 990 ఎవరైనా చదువుకోవచ్చు. ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లు కూడా ఒకసారి తీసి చూడండి, 2014లో ఓటర్లు ఒప్పుకున్న ఏడాదికి 24 డాలర్ల ఓపెన్ స్పేస్ పన్ను అందులో ఒక లైనుగా కనిపిస్తుంది.

ఆఫీసు మిత్రుడి నాలుగింతల స్కీము మాత్రం ముట్టుకోకండి. ఇది గట్టిగా చెప్తున్నాను. పదిమందిని పోగేసి మారుమూల భూమి తక్కువకి కొని, దానికి ఆకాశాన్నంటే మదింపు వేయించి, ఈజ్‌మెంట్ దానమిచ్చామని పెట్టినదానికి ఎన్నో రెట్లు ట్యాక్స్‌లో రాసుకునే వ్యాపారం అది. 2016 డిసెంబరులోనే ఇక్కడి పన్ను శాఖ ఐఆర్ఎస్ దాన్ని అనుమానపు లావాదేవీల జాబితాలో పెట్టింది, 2022 డిసెంబరులో కాంగ్రెస్ చట్టం చేసి పెట్టుబడికి రెండున్నర రెట్లు దాటితే ఆ మినహాయింపే దక్కకుండా చేసింది. ఆడిట్ వస్తే అసలు, వడ్డీ, పెనాల్టీ, లాయరు ఫీజు, దానికి తోడు ఏళ్ల తరబడి టెన్షన్. నిజాయితీగా భూమి రాసిచ్చిన రైతులకి చెడ్డపేరు తెచ్చింది కూడా ఇలాంటివాళ్లే.

చివరిగా మామిడి తోట. ఇక్కడ మీ మామయ్యగారికి నిజమే చెప్పండి, బాధపడినా సరే. మన దేశంలో ఇలాంటి ఈజ్‌మెంట్‌కి చట్టం లేదు. మనకున్న ఈజ్‌మెంట్ చట్టం 1882 నాటిది, అది పక్క పొలానికి దారి, నీరు, వెలుతురు లాంటి హక్కుల కోసం. తోటతో సంబంధం లేని ఒక సంస్థకి "ఇక్కడ ఎప్పటికీ ఇళ్లు కట్టకుండా చూడండి" అనే హక్కు రాసిచ్చే ఏర్పాటు అందులో లేదు. కొడుక్కి ఇస్తూ ఎప్పటికీ అమ్మకూడదు అని షరతు పెడితే, ఆస్తి బదలాయింపు చట్టం ప్రకారం ఆ షరతు చెల్లదు, ఆస్తి మాత్రం వెళ్లిపోతుంది. ప్రజాహితం కోసమైతే శాశ్వతంగా రాసిపెట్టే వీలుంది, అంటే ఒక పబ్లిక్ చారిటబుల్ ట్రస్ట్ పెట్టి తోటని దానికి ఇవ్వాలి. అప్పుడు అది కుటుంబానిది కాదు. ఆయన కోరుకుంటున్నది అదేనా అని నిదానంగా అడగండి. అదే అయితే భూమి వ్యవహారాలు చూసే మంచి లాయరు దగ్గర కూర్చుని, ట్రస్టీలుగా ఎవరుండాలో ముందు తేల్చుకుని, ఆ తర్వాతే పత్రం రాయించాలి.

పత్రం లేకపోతే ఏమవుతుందో కూడా మన దగ్గరే ఉదాహరణ ఉంది. అప్పటి అనంతపురం జిల్లా చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం, వాళ్ల మిత్రులు 32 ఎకరాల బీడు కొని టింబక్టు కలెక్టివ్ మొదలుపెట్టారు. తర్వాత చుట్టుపక్కల ఊళ్లవాళ్లతో కలిసి కల్పవల్లి అని వేల ఎకరాల గుట్టల్ని మంటలు రాకుండా కాపలా కాసి పచ్చగా చేశారు, గడ్డి వచ్చింది, ఈతచెట్లు లేచాయి, వాగులు పారాయి. అంతా అయ్యాక చూస్తే రికార్డుల్లో అది ప్రభుత్వ బంజరు. గాలిమరలకి ఇచ్చేశారు, గుట్టల మీద రోడ్లు తవ్వారు, ఊళ్లవాళ్లు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లాల్సి వచ్చింది. కాపలా కాసిన చేతులకి కాగితం లేదు. మామయ్యగారికి కాగితం ఉంది, పట్టాదారు పాస్‌బుక్కులో పేరుంది, ఆయనకి లేనిది తర్వాత చేసే చెయ్యి. అందుకని చట్టం కోసం ఎదురుచూసే బదులు, ఊళ్లో తోటపని తెలిసిన కుర్రాడెవరైనా ఉంటే ఏడాది గుత్త కాకుండా పదేళ్ల కౌలుకి రాతపూర్వకంగా ఇవ్వమనండి, చచ్చిన చెట్ల చోట కొత్త చిన్నరసం అంట్లు ఆ కుర్రాడితోనే పెట్టించమనండి. కాయ కాసే తోటని అమ్మాలంటే ఎవరికైనా చెయ్యి ఒక క్షణం ఆగుతుంది, ఎండిన తోటని అమ్మడానికి ఆగదు. మీ ఆయనతో కూడా ఇప్పుడే మాట్లాడమనండి, ఎందుకంటే రేపు సంతకం పెట్టేది ఆయనే.

ఆయన తిరిగి వెళ్లేలోగా ఒక పని చేయండి. పామ్ ఎవెన్యూ చివర కయోటీ వ్యాలీ ఓపెన్ స్పేస్ ప్రిజర్వ్ ఉంది, 2015లో తెరిచారు, పార్కింగుకి డబ్బులేం లేవు. యారోహెడ్ లూప్ అని నాలుగు మైళ్ల దారి, ఎక్కుడు ఉంటుంది కాబట్టి మోకాళ్ల నొప్పులుంటే మొత్తం వద్దు, కొంత ఎక్కి వెనక్కి తిరిగినా చాలు, లోయ కనిపిస్తుంది. నీడ తక్కువ, పొద్దున్నే వెళ్లండి, నీళ్లు పట్టుకెళ్లండి, టోపీ మర్చిపోకండి. కాలిబాట వదిలి గడ్డిలోకి దిగనివ్వకండి, టిక్స్ అని పిడుదులు ఉంటాయి. దిగేముందు ఒకసారి ఆ చదును నేలని చూపించి, ఆయన తోటలో ఎకరానికి ఎన్ని చెట్లు పెడతారో అడగండి, అక్కడ ఎన్ని పడతాయో ఆయనే లెక్క కట్టి చెప్తారు.